గాలపుటీఁగ



ఇంద్రియములను గూర్చి మన పెద్దలు చెప్పు మాట మీరెల్లరు ఎఱిఁగినదే. లేడి శబ్దముచేతను, ఏనుఁగు స్పర్శముచేతను, శలభము రూపముచేతను, చేఁప రసముచేతను, తుమ్మెద గంధముచేతను నశించునని వారి వాక్యము. ఒక్కొక్క ఇంద్రియమునకు లోఁబడిన జంతువే యిట్లు చెడుచుండఁగా, అయిదింటికిని లోఁబడిన మనుష్యుని గతి యేమని దాని తాత్పర్యము. నేను బడిలో ముప్పది యేండ్లకు పైగా ఈ మాటను పిల్లలకు చెప్పితిని. చేఁప రసమువలన చెడునన్న దానిని ఎన్నఁడును శంకింపలేదు. మన చెఱువుగట్టున గాలము వేయువానిని చూచినవాఁడు ఎట్లు శంకించును? వాఁడు గాలమునకు వానపామును గ్రుచ్చును, లేదా పిండిముద్ద పెట్టును. చేఁప తిండికి ఆసపడి వచ్చి పట్టువడును.

కొన్ని యేండ్ల క్రిందట నేను నీలగిరులకు పోయినప్పుడు ఒక వృద్ధుఁడు నాకు చిన్న రేకుపెట్టె తెఱచి చూపెను. అందు ఈఁగలవంటివి, దోమలవంటివి, చిన్న సీతాకోకచిలుకలవంటివి ఇరువది ముప్పది పురుగులు వరుసగా నుండెను. మొగముమీఁదికి ఎగురునేమో యని నేను వెనుకకు జరిగితిని. ఆయన నవ్వి, ఒకదానిని తీసి నా యఱచేతిలో నుంచెను. చూడఁగా అది కోడియీకయు, కుందేటి బొచ్చును, పట్టుదారమును. వాని నడుమ దాఁగి యున్నది ఒక చిన్న ఉక్కు గాలము. తినఁదగినది అందు రవ్వంతయు లేదు. అక్కడి కొండవాఁగులలో ట్రౌటు అను చేఁపను దీనితోనే పట్టుదురఁట. అనఁగా ఆ చేఁప చెడుట రసముచేత కాదు, రూపముచేత! నా ముప్పది యేండ్ల పాఠమునకు ఒక అపవాదము దొరకినది. నాఁడు మొదలు ఈ విద్యను గూర్చి చదివి తెలిసికొన్న సంగతులే నేఁటి నా ప్రసంగము. ఇంగ్లీషువారు దీనిని ఫ్లై అందురు. మనము గాలపుటీఁగ యని పిలుచుకొందము.

ట్రౌటు చల్లని, తేఱిన పాఱునీటిలో బ్రదుకు చేఁప. ఐరోపా దేశపు ట్రౌటును 1900లో గ్రుడ్ల రూపమున కాశ్మీరమునకు తెచ్చి పెంచిరి. నీలగిరులలోనిది కూడ తెల్లవారు బయటినుండి తెచ్చి విడిచిన సంతతియే. ఈ చేఁప ఱాతిచాటున ప్రవాహమునకు ఎదురుమొగమై నిలిచి, నీరు కొనివచ్చు పురుగులను ఏఱుకొని తినును. ఆ పురుగులు మిక్కిలి సుకుమారములు. వానిని పట్టి గాలమునకు గ్రుచ్చినచో నలిఁగి రాలిపోవును.

ఈ చిక్కును, దానికి కనుఁగొన్న యుపాయమును మొదట వ్రాసి యుంచినవాఁడు ఈలియను అను రోమువాఁడు. ఆయన క్రీ. శ. 200 ప్రాంతమున జంతువుల స్వభావములను గూర్చి గ్రీకుభాషలో ఒక గ్రంథము వ్రాసెను. మాసిడోనియా దేశమున ఆస్ట్రేయసు అను నది కలదనియు, అందు చుక్కల చేఁపలు నీటిపై నాడు ఒక పురుగును తినుననియు, మనుష్యుని చేయి తాఁకినంతనే ఆ పురుగు వన్నె తప్పి ఱెక్కలు వాడి పనికిరాకుండఁబోవుననియు ఆయన చెప్పెను. అందుచేత అక్కడి జాలరులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు గడ్డముక్రింద మొలచు మైనపు వన్నె ఈకలు రెండు దానికి కట్టుదురఁట. కఱ్ఱ ఆఱడుగులు, దారమును ఆఱడుగులు. పదునెనిమిది వందల యేండ్లు గడచినను ఈ విద్య మూలమున మాఱలేదు. గాలము, బొచ్చు, ఈక, దారము: ఇంతియే దాని సామగ్రి.

ఏ పురుగును పోలి కట్టవలయునో తెలియుటకు ముందు ఆ పురుగు బ్రదుకు తెలియవలయును. మేఫ్లై అను దానిని చెప్పెదను. దాని పిల్ల నీటి యడుగున బురదలోనో ఱాళ్ల సందుననో కొన్ని నెలలు, కొన్ని జాతులలో రెండేండ్లవఱకును, పెరుఁగును. కాలము రాఁగా నీటిపైకి తేలి, కుబుసము విడిచి, మసక ఱెక్కలతో లేచి యొడ్డుననున్న చెట్లపై వ్రాలును. అక్కడ ఇంకొకమాఱు కుబుసము విడిచి, అద్దమువంటి ఱెక్కలు గలదగును. ఎగురు ఱెక్కలు వచ్చిన పిదప మరల కుబుసము విడుచునది పురుగుల జాతులన్నిటిలో ఇదియొక్కటియే. ఈ దశలో దానికి తిండి లేదు. తినుటకు నోరు పనిచేయదు. జతకూడి, నీటిపై గ్రుడ్లు విడిచి, ఱెక్కలు చాచి ఆ నీటిమీఁదనే పడి చచ్చును. గాలిలో దాని జీవితము ఒక దినమో, కొలఁది దినములో. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన గ్రీకు పేరునకు ఒకనాఁటిది యని యర్థము.

కావున ఒకే పురుగునకు చేఁప యెదుట మూఁడు వేషములు. నీటిలో నీఁదుచు పైకి వచ్చు పిల్ల యొకటి. నీటిపొరమీఁద కాళ్లూని నిలుచు మసకఱెక్కల పురుగు రెండవది. ఱెక్కలు పఱచి తేలు శవము మూఁడవది. ఆ గడియలో చేఁప ఏ వేషమును తినుచున్నదో దానినే ఈయవలయును. తక్కినవి ముక్కుముందు పడినను అది కదలదు. అందుచేత ఈ విద్య నేర్చినవాఁడు ఏటియొద్దకు పోయినతోడనే గాలము వేయఁడు. మొదట మోఁకాళ్లమీఁద కూర్చుండి నీటిని చూచును, ఱాళ్లను త్రిప్పి వాని క్రింద నేమున్నదో చూచును. పురుగును మనము పైనుండి చూతుము. చేఁప క్రిందినుండి చూచును. దానికి కనఁబడునది కడుపు వన్నెయు, నీటిపొరను నొక్కు కాళ్ల గుఱుతులును, వెలుఁగునకు అడ్డుపడు ఱెక్కల నీడయు. మన కంటికి అచ్చముగా పురుగువలె నున్న బొమ్మను చేఁప త్రోసివేయవచ్చును. మనకు బొచ్చుముద్దవలె తోఁచిన దానిని అది నమ్మి మ్రింగవచ్చును.

ఇంగ్లండు దేశమున ఈ విద్యకు శాస్త్రము ఏర్పడినది. 1496లో అచ్చయిన ఒక గాలపువేఁట గ్రంథమున పండ్రెండు గాలపుటీఁగలు నెలలవారీగా చెప్పఁబడినవి. దానిని ఒక సన్న్యాసిని రచించెనని ప్రసిద్ధి గాని నిశ్చయము లేదు. 1653లో ఐజాకు వాల్టను ప్రసిద్ధమైన గాలపువేఁట గ్రంథమును ప్రకటించెను. 1676లో ఆయన మిత్రుఁడు ఛార్లెసు కాటను దానికి ఉత్తరభాగమును చేర్చి, ఈఁగలను కట్టు విధమును వివరించెను.

వీరందఱిలో నాకు మిక్కిలి ప్రియమైనవాఁడు ఆల్‌ఫ్రెడు రొనాల్డ్సు. ఆయన స్టాఫర్డుషైరు సీమలో బ్లైదు అను ఏటి యొడ్డున ఒక చిన్న పాక వేసికొని, అందుండి చేఁపలను కనిపెట్టి చూచెను. చేఁపకు వినికిడి యెట్టిదో తెలియుటకు పాక వెనుక తుపాకులు కాల్పించెను, చేఁపలు చలింపలేదు. పిదప రసమును పరీక్షించెను. ఒక రేకుగొట్టముతో ఊఁది, చచ్చిన ఇంటియీఁగలను ఒక ట్రౌటు ముందు పడునట్లు చేసెను. అది పదింటిని పట్టెను. తరువాత వచ్చిన యీఁగలకు మిరపకారమును ఆవపొడియు పూసి పంపెను. చేఁప వానిలోను చాలభాగము నోఁట పట్టినది! ఈ చేఁప ముఖ్యముగా కంటిని నమ్మి బ్రదుకునదని ఆయన నిర్ణయించి, 1836లో రంగుల చిత్రములతో ఒక గ్రంథము ప్రకటించెను. అందు ప్రతి పురుగు ప్రక్కను దాని బొమ్మ, దానిని కట్టు విధము, అది పుట్టు కాలము వ్రాయఁబడినవి. రూపమువలన చెడు చేఁప కలదని చూపిన పరీక్ష యిది. మన పెద్దల మాట దీనిచేత కొట్టుపడలేదు. మన చెఱువు చేఁపకు ఒకటి, ఆ యేటి చేఁపకు మఱియొకటి. ఉరి మాత్రము ఉన్నదే.

ఇఁక కట్టుబడి. ఒక్క యీఁగను పట్టుకొని చెప్పెదను. 1854లో విలియము గ్రీన్‌వెల్ అను క్రైస్తవ గురువు ట్వీడు నదిలో చేఁపలు పట్టుచు, అవి యేదో యొక పురుగును తప్ప మఱి దేనిని ముట్టకుండుట చూచెను. ఆయన ఆ పురుగును పట్టి, స్ప్రౌస్టను గ్రామమునందలి జేమ్సు రైటు అను ఈఁగలు కట్టు నేర్పరికి చూపెను. అతఁడు దానికి సరిపడు నీఁగను కట్టి యిచ్చెను. ఆయన వేఁట ఫలించినది. గ్రీన్‌వెల్సు గ్లోరీ యను పేరుతో ఆ కూర్పు నేఁటికిని కట్టఁబడుచున్నది.

దానిని కట్టు క్రమమిది. బల్లకు బిగించిన చిన్న వైసులో గాలపు వంపును పట్టించుదురు. నేఁటి గాలమునకు ముందుకొనను సూదిబెజ్జమువంటి చిన్న కన్నుండును. పసుపుపచ్చని పట్టుదారమునకు మైనము రుద్దుదురు. మైనముచేత దారము గట్టిపడుటయే గాక, పసుపు వన్నె మాసి ఆకుపచ్చ చాయకు తిరుగును. ఆ పురుగు కడుపు వన్నె అదియే. కన్నునొద్ద మొదలిడి ఆ దారమును వంపువఱకు దగ్గఱదగ్గఱగా చుట్టి, అక్కడ సన్నని బంగారుతీఁగను కట్టి, దారమును మరల ముందుకు చుట్టుకొనివత్తురు. దానిపై తీఁగను ఎడమెడముగా చుట్టఁగా పురుగు కడుపునందలి కణుపులు ఏర్పడును. తరువాత ఱెక్కలు. బ్లాకుబర్డు అను నల్లపిట్ట కుడిఱెక్క యీకనుండి ఒక పోచల కట్ట, ఎడమఱెక్క యీకనుండి ఒకటి తీసి, రెండును ఎదురెదురుగా నిలిపి కట్టుదురు. ఒకే ఱెక్కనుండి రెండును తీసినచో ఈఁగ గాలిలో గిఱగిఱ తిరిగి దారము మెలికపడును.

పిదప కాళ్లు. ఇందులకు పుంజు మెడయీకను మొదట కట్టి, గాలము చుట్టు మూఁడు నాలుగు మాఱులు త్రిప్పుదురు. పోచలన్నియు విచ్చుకొని చుట్టును కాళ్లవలె నిలుచును. ఈ యీక కాడ దగ్గఱయు కొనలయందును నలుపు, నడుమ ఎఱుపు కలిగి యుండవలయును. కోడిపందెములకు పేరుగన్న మన సీమలలో డేగ, కాకి, నెమలి, పింగళ యని పుంజులను ఈకల వన్నెనుబట్టి పేర్కొందురు గదా. ఈఁగలు కట్టువారును జింజరు, బ్లూడన్, బాడ్జరు అని మెడయీకలకు ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క పేరు పెట్టుకొన్నారు. చివరకు దారమును తలయొద్ద నాలుగైదు చుట్లు చుట్టి, కొన ఆ చుట్ల క్రిందనే దూరునట్లు లాగి, ముడి బయట కానరాకుండ ముగింతురు. దానిమీఁద ఒక చుక్క వార్నీషు. అంతయు అర అంగుళమునకు మించదు. దారము ఒక్క చుట్టు అధికమైనచో తల లావగును. ఒక్క చుట్టు తక్కువైనచో నీటిలో విడిపోవును.

పుంజు ఈకయే యేల, పెట్ట ఈక యేల కారాదు? ఇందు గొప్ప సంగతి కలదు. పుంజు మెడయీక పోచలు బిరుసుగాను, మెఱుఁగుగాను ఉండి నీటిని పీల్చవు. వాని కొనలు నీటిపొరను నొక్కునే గాని చీల్చవు, ఈఁగ తేలును. పెట్ట యీక మెత్తనిది. నీటిని పీల్చి మునిఁగి, ప్రవాహములో కాళ్లు కదలించునట్లు ఆడును. కావున తేలు నీఁగకు పుంజు, మునుఁగు నీఁగకు పెట్ట. తేలునదియే ధర్మమని హాల్‌ఫర్డు 1886లో గ్రంథము ప్రకటించెను. చేఁప తినునది ఎక్కువగా నీటిలోపలనే గదా యని స్క్యూసు అను న్యాయవాది 1910లో ఎదురు గ్రంథము వ్రాసెను. వారి శిష్యుల వాదము మన ద్వైతాద్వైత వాదమువలె బహుకాలము సాగినది.

ఈఁగకు బరువు లేదు గనుక దానిని విసరుట కుదరదు. విసరఁబడునది దారమే. బరువైన దారమును పొడవైన బెత్తముతో వెనుకకును ముందుకును ఆడించి, ఈఁగ ఎండుటాకువలె నీటిపై వ్రాలునట్లు విడుతురు. నేఁడు చాలమంది పట్టిన చేఁపను మరల నీటిలోనే విడుచుచున్నారు; అందులకై వెనుకముల్లు లేని గాలములను వాడుదురు.

ఇంతవఱకు చెప్పినది వివేకమైన విద్య. ఇఁక దీని వెఱ్ఱితనమును చెప్పకున్న నా ప్రసంగము సత్యము కానేరదు.

సాల్మను అను మఱియొక చేఁప కలదు. అది సముద్రమున పెరిఁగి, గ్రుడ్లు పెట్టుటకు నదిలో ప్రవేశించును. నదిలో ప్రవేశించిన పిదప అది ఆహారము తినదు. ఐనను ఏల యో కదలు ఈఁగను నోఁట పట్టును. తినని చేఁపకు ఏ పురుగును పోలి కట్టనేల? ఇందుచేత కట్టువారికి హద్దు పోయినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో సాల్మను ఈఁగలు నగలవలె తయారైనవి. దక్షిణ అమెరికానుండి టౌకను, కోటింగా పిట్టల ఈకలు వచ్చినవి. 1895లో కెల్సను అను నతఁడు ప్రకటించిన గ్రంథమున ఇట్టి కూర్పులు అనేకములు గలవు. జాకు స్కాటు అను ఒక్క యీఁగకే పలు జాతుల పక్షుల ఈకలు కావలయును. చేఁపకు వీని యవసరము లేదు. ఇంటికోడి యీకకును వెండ్రుకలకును సాల్మను పడుచునే యున్నది. వన్నెలకు లోఁబడినవాఁడు మనుష్యుఁడు.

ఆ వ్యామోహము ఎంతవఱకు పోయినదో వినుఁడు. 2009లో ఇంగ్లండునందలి ట్రింగు పట్టణపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఒక యువకుఁడు రాత్రివేళ కిటికీ పగులఁగొట్టి దూఱి, 299 పక్షుల చర్మములను దొంగిలించెను. అతఁడు సంగీతవిద్యార్థి, సాల్మను ఈఁగలు కట్టుటలో గొప్ప నేర్పరి. ఆ చర్మములలో కొన్ని వాలెసు అను మహాశాస్త్రజ్ఞుఁడు 1854 మొదలగు సంవత్సరములలో మలయా ద్వీపములయందు ప్రాణములకు తెగించి సేకరించినవి. దొంగ వానిని ఈకల ప్రియులకు అమ్మెను. దొరకిన చర్మములలోను చాలవానికి చీటీలు ఊడిపోయినవి. ఏ పక్షి, ఏ చోట, ఏ దినమున దొరకినదో తెలుపునది ఆ చీటీయే. చీటీ పోయిన చర్మము, తేదీయు సాక్షుల సంతకములును చింపివేసిన దస్తావేజువంటిది. కాఁగితముండును గాని సాక్ష్యము చెల్లదు.

ఇది దూరదేశపు కథ యని అనుకొనకుఁడు. సాల్మను ఈఁగల ప్రక్కలను కన్నులవలె మెఱయు తెల్లచుక్కల యీక యొకటి పెట్టుదురు. దానిని జంగిల్ కాక్ అందురు. అది మన బూడిదవన్నె అడవికోడి పుంజు మెడయీక. సామాన్యముగా గోదావరికి ఉత్తరమున ఎఱ్ఱ అడవికోడియు, దక్షిణమున ఈ బూడిదవన్నె కోడియు ఉండును. మన నల్లమల, శేషాచలము అడవులలో తెల్లవాఱుజామున కూయునది ఇదియే. దాని మెడయీకల కొనలయందు మైనపుచుక్కలవంటి బిళ్లలుండును. ఆ చుక్కలకై ఈ కోళ్లను ఉచ్చులలో పట్టి, మెడతోళ్లను ఓడలలో పంపిరి. 1902లో ప్రభుత్వము అడవిపక్షుల ఈకల యెగుమతిని నిషేధించెను. అంతటితో ఆ వ్యాపారము ముగియలేదు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ పక్షికి రక్షణ కల్పించినది. నేఁడు ఇతర దేశములలో ఈ యీక కావలసినవారు పెంపుడు పక్షుల మెడయీకలను కొనుచున్నారు. కొందఱు అచ్చువేసిన కృత్రిమపు టీకలతో తృప్తిపడుచున్నారు. చేఁప ఆ భేదమును ఎఱుఁగదు.

అడవియంచు గ్రామముల పెద్దలారా! మీ యూరికి ఎవఁడైన వచ్చి, అడవికోడి మెడతోలునకు మంచి వెల యిత్తునని కుఱ్ఱవారిని ప్రేరేపించినచో, ఆ తోలు ఎక్కడికి పోవునో, దేనికి పోవునో మీరిప్పుడు చెప్పఁగలరు. అది చట్టమునకు విరుద్ధమనియు, తిననొల్లని చేఁప నోఁటి ముందు ఆడించు నగకొఱకు మన అడవి మూగపోవుననియు వారికి బోధింపుఁడు.

ఈ విద్యను నేను నిందింపను. నీటి యడుగున రెండేండ్లు పెరిఁగి, గాలిలో కొన్నినాళ్లు బ్రదికి పోవు పురుగు చరిత్రను మనుష్యుఁడు తెలిసికొన్నది కొంత దీనివలననే. ఒక ఇంటికోడి యీక, పిడికెఁడు బొచ్చు, మూర దారముతో ఈ పనియంతయు జరుగును. నీలగిరులలో ఆ వృద్ధుఁడు నాకిచ్చిన యీఁగ నేఁటికిని నా వ్రాఁతబల్లమీఁద నున్నది. అది సాదా కోడియీకతో కట్టినది. పిల్లలు వచ్చినప్పుడు చూపి, ఇది ఎవరికొఱకు పన్నిన ఉరి యని అడుగుదును. చేఁపకొఱకని వారు చెప్పుదురు. చేఁపకొఱకు మాత్రమే కాదని నేను ఈ కథ చెప్పుదును.